లవము, హారము: ఒక శుక్రవారపు పాఠము

మేము మారిషస్‌లో పుట్టి, అక్కడ చాల కాలము పిల్లలకు లెక్కలు చెప్పి, ఆరు సంవత్సరముల నుండి ఖతర్ దేశములోని దోహా నగరములో అదే పని చేయుచున్న వారము. ఇదివరలో ఈ పత్రికకు పండుగలను గూర్చి, అమ్మోరు పూజలను గూర్చి వ్రాసి పంపినాము. ఈసారి భిన్నములను గూర్చి వ్రాయుచున్నాము. "భిన్నములా? అవి మా మనుమడు చదువుచున్నాడు, మాకెందుకు?" అని కొందరు పేజీ త్రిప్పవచ్చును. దయచేసి త్రిప్పవద్దు. ఇందులో ఒక మనిషి జీతపు సంగతి ఉన్నది. మన పెద్దల జీతముల సంగతి కూడ ఉన్నది.

ఖతర్‌లో వారపు సెలవు శుక్రవారము. ఆ దినమున మేము సనాయియాకు పోవుచుందుము. సనాయియా అనగా దోహా ప్రక్కన ఉన్న పారిశ్రామిక ప్రాంతము; పనివారి గదులు అక్కడ ఎక్కువ. మన భాష మాట్లాడు వారు ఎందరో అక్కడ ఉన్నారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు వైపు వారు కొందరు, కోనసీమ, కడప వైపు వారు కొందరు. మొదట మా తెలుగు విని వారు నవ్వినారు. మేము తెలుగును బడి అయిపోయిన తరువాత సాయంత్రపు తరగతులలో, పుస్తకము ముందు పెట్టుకొని నేర్చుకొన్నవారము. "సారు మాట్లాడితే పాత సినిమా చూసినట్టుంటది" అని ఒకడన్నాడు. మేము కోపగించుకొనలేదు. వారి దగ్గర మేము మాట్లాడుట నేర్చుకొన్నాము, మా దగ్గర వారు లెక్కలు నేర్చుకొన్నారు. బేరము సరిపోయినది.

ఒక శుక్రవారము జగిత్యాల తమ్ముడొకడు ఒక కాగితము తెచ్చినాడు. అతడు పని మాని ఇంటికి పోవుచున్నాడు. నాలుగు సంవత్సరముల అయిదు నెలలు పని చేసినందుకు, పోవునప్పుడు ఇచ్చు సేవాభృతి ఎంతయో ఆ కాగితములో ఉన్నది. మూల జీతము నెలకు 1,000 రియాళ్లు. లెక్క చివర 2,400 రియాళ్లు అని వ్రాసినారు. మధ్యలో 18/30 అని ఒక భిన్నము ఉన్నది.

"సారూ, గీ కాయితం జర చూడుండ్రి. గీ పద్దెనిమిది మీద ముప్పై ఏంది? సంతకం పెట్టమంటుండ్రు."

"బడిలో భిన్నములు చదివినావు కదా?"

"సదివిన సారూ, ఏడో తరగతి దాంక. లవం, హారం అని యాదికున్నది. పైది లవమా, కిందిది లవమా, గది యాదికి లేదు."

మారిషస్‌లో మా తరగతులలో కూడ సగము మంది పిల్లలు ఇదే మాట చెప్పెడివారు. పేర్లు గుర్తుండును, పని గుర్తుండదు. కాబట్టి ఆ దినమున సంతకము ప్రక్కన పెట్టి, ఒక కుబ్బూసు తెప్పించినాము.

కుబ్బూసు అనగా ఇక్కడి గుండ్రని రొట్టె. మన దాల్‌పూరి కంటె మందముగా ఉండును, చవకగా దొరుకును. పనివారికి రాత్రి భోజనము తరచుగా అదే. దానిని కత్తితో నాలుగు సమాన భాగములుగా కోసినాము. మూడు భాగములు ఒక పళ్లెములో పెట్టి, ఇది ఎంత అని అడిగినాము. "మూడు ముక్కలు" అన్నాడొకడు. మూడు ముక్కలే, నిజమే. కాని ఏ ముక్కలు? రెండవ కుబ్బూసును ఎనిమిది భాగములుగా కోసి అందులోనుండి మూడు తీసి పెట్టినాము. ఇవి కూడ మూడు ముక్కలే. ఆకలితో ఉన్న వానికి ఏ పళ్లెము కావలెను? అందరును మొదటి పళ్లెమునే చూపినారు.

భిన్నమునకు రెండు సంఖ్యలు ఎందుకు కావలెనో ఇంతకంటె తేలికగా చెప్పుట మాకు తెలియదు. ఒక సంఖ్య ఎన్ని ముక్కలో చెప్పును. రెండవ సంఖ్య ఎటువంటి ముక్కలో చెప్పును. 3/4లో పైనున్న 3 లవము, మనము తీసుకొన్న ముక్కల లెక్క. క్రిందనున్న 4 హారము, మొత్తమును ఎన్ని సమాన భాగములు చేసినామో ఆ లెక్క. ఇక్కడ 'సమాన' అను మాటను మరువరాదు. తమ్ముడు పెద్ద ముక్క, అన్న చిన్న ముక్క కోసుకొన్నచో అవి రెండు ముక్కలే గాని రెండు సగములు కావు.

పేర్ల సంగతి కొంచెము చెప్పనిండు, ఇది మాకు ఇష్టమైన విషయము. సంస్కృతములో భిన్నము అనగా విరిగినది. అరబ్బీలో భిన్నమును కస్ర్ అందురు, దాని అర్థము కూడ విరుగుటే. మనము మారిషస్ బడులలో నేర్చుకొన్న ఫ్రాక్షన్ అను మాటకు లాటిన్‌లో మూలము చూచినచో అదియు విరుచుటే. మూడు దిక్కుల జనులు ఒకే రొట్టెను విరిచి ఒకే పేరు పెట్టినారు. లవము అను మాట కోయుట అను అర్థము గల ధాతువు నుండి వచ్చినది, అనగా కోసిన తునక. హారము అనగా ఇక్కడ హరించునది, భాగించునది. భాస్కరాచార్యులు 1150లో రచించిన గ్రంథములోని లీలావతి భాగములో లవ, హర అను మాటలే ఉన్నవి. మా తరగతిలో ఒక చిన్నపాప మాత్రము, హారమనగా మెడలో వేసుకొనునది కదా అని అడిగినది. కాదని చెప్పబోవుచుండగా ఆమెయే, "మెడలోనుంచి కిందికి వేలాడుతుంది, అందుకే హారం కింద ఉంటుంది" అన్నది. వ్యుత్పత్తి తప్పు, ఉపాయము బాగున్నది. అప్పటి నుండి మేము ఆ ఉపాయమునే చెప్పుచున్నాము.

లాటిన్ పేర్లలో పై సంఖ్యకు లెక్కించువాడు అనియు, క్రింది సంఖ్యకు పేరు పెట్టువాడు అనియు అర్థము. అరబ్బీలో లవమును బస్త్ అనియు, హారమును మకామ్ అనియు అందురు. మకామ్ అనగా నిలుచు చోటు. మన తెలుగులో 'మకాం వేసినారు' అను మాట ఆ అరబ్బీ పదమే. ఈ సంగతి చెప్పగానే గదిలో ఉన్నవారందరును నవ్వినారు. "అంటే కింద మకాం, మీద మనం" అని కోనసీమ అతడు అన్నాడు. హారమును గూర్చి ఇంతకంటె మంచి మాట మేము ఏ పుస్తకములోను చదువలేదు. మకాం ఏదో తెలియనిదే పైనున్న మూడుకు అర్థము లేదు.

తెలుగులో భిన్నమును పలుకు పద్ధతి కూడ గమనింపదగినది. నేటి పిల్లలు 'త్రీ బై ఫోర్' అనుచున్నారు. మన పెద్దలు నాలుగింట మూడు వంతులు అనెడివారు. మూడింట రెండు, అయిదింట ఒకటి. హారము ముందు, లవము తరువాత. మొదట మొత్తమును ఎన్ని చేసినారో చెప్పి, అటు తరువాత ఎన్ని తీసినారో చెప్పుదురు. రొట్టెను కోయుట ముందు, తీసుకొనుట తరువాత కదా! ఇంగ్లీషులో వరుస దీనికి తలక్రిందులు. మా అనుభవములో తెలుగు వరుసలో నేర్చుకొన్న పిల్లవాడు తక్కువ తడబడును.

పాత తెలుగు లెక్కలలో ఇంకొక చమత్కారము ఉన్నది. పావును కాలు అనెడివారు, అందుకే మూడు పావులకు ముక్కాలు అని పేరు. పావులో పావు వీసము, అనగా 1/16. రూపాయికి పదునారు అణాలు ఉన్న కాలములో అణా అనగా రూపాయిలో వీసమే. అణాలో పావు కాని, అనగా 1/64. వీసమెత్తు తేడా లేదు అను మాట అందరికి తెలిసినదే గాని, ఆ వీసము ఎంతయో చెప్పగలవారు తక్కువ. ఈ భిన్నములను వ్రాయుటకు నిలువు గీతలు, అడ్డ గీతలు ఉండెడివి. ఒక నిలువు గీత పావు, రెండు నిలువు గీతలు అర, మూడు ముప్పావు. ఒక అడ్డ గీత వీసము, రెండు అడ్డ గీతలు రెండు వీసములు. గమనించినారా? గీతల సంఖ్య లవము, గీత తిరిగిన దిక్కు హారము! క్రింద వేరొక అంకె వ్రాయకయే హారమును చెప్పినారు. ఈ గీతలను 2008లో యూనికోడులో చేర్చినారు కాబట్టి కంప్యూటరు మీద కూడ వ్రాయవచ్చును. కాని వ్రాయు చేతులు ఏవి?

నేడు మనము లవ హారముల మధ్య గీయు అడ్డ గీత మన దేశపుది కాదు. మన పూర్వులు లవమును పైన, హారమును క్రింద ఉంచెడివారు గాని మధ్య గీత గీసెడివారు కారు. పన్నెండవ శతాబ్దిలో మొరాకో దేశపు అల్-హస్సార్ అను గణితవేత్త ఆ గీతను వాడినాడు. 1202లో ఫిబొనాచ్చి తన గ్రంథములో వాడగా ఐరోపాకు తెలిసినది. మన భాషలో గణితసారసంగ్రహమును పద్యములలో చెప్పిన పావులూరి మల్లన కూడ భిన్నముల లెక్కలు చెప్పినాడు. ఆయన 11వ శతాబ్ది వాడని చెప్పుదురు. అరబ్బులకు భిన్నములు పండితుల ఆట మాత్రమే కాదు. ఖురానులో ఆస్తి పంపకమునకు సగము, పావు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు, మూడవ వంతు, ఆరవ వంతు అని స్పష్టముగా ఉన్నది. అందుచేత తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథములో పెద్ద భాగమును వారసత్వపు లెక్కలకే ఇచ్చినాడు.

మరల కుబ్బూసు దగ్గరకు వచ్చెదము. హారము పెరిగిన కొలది ముక్క చిన్నదగును. ఇది పెద్దలను కూడ మోసగించును. 1/3, 1/4లలో ఏది పెద్దది అని అడిగినచో, నాలుగు మూడు కంటె పెద్దది కాబట్టి 1/4 అనువారు ఎందరో. ముగ్గురు పంచుకొన్న రొట్టెలో నీ వంతు పెద్దదా, నలుగురు పంచుకొన్న దానిలోనా అని అడుగుము, వెంటనే సరిగా చెప్పుదురు. ఆకలికి తెలిసిన లెక్క అంకెకు తెలియదు.

లవము సున్న కావచ్చును. నాలుగు ముక్కలలో ఒక్కటి కూడ తీసుకొననిచో 0/4, అనగా ఏమియు లేదు. హారము మాత్రము సున్న కారాదు. రొట్టెను సున్న ముక్కలుగా కోయుము అని చెప్పినచో కత్తి పట్టినవాడు ఏమి చేయగలడు? భాస్కరాచార్యులు అటువంటి దానికి ఖహరము అని పేరు పెట్టి అది అనంతమని చెప్పినారు. మన బడి లెక్కలలో దాని జోలికి పోము. లవము హారమునకు సమానమైనచో నిండు రొట్టె. లవము హారము కంటె చిన్నదైనచో క్రమ భిన్నము, పెద్దదైనచో అపక్రమ భిన్నము. 5/4 అనగా ఒక రొట్టె మీద ఇంకొక పావు రొట్టె. ఖతర్ కార్మిక చట్టము ప్రకారము అదనపు గంటలు పని చేసినచో మూల జీతము మీద కనీసము నూటికి 25 వంతులు, అనగా పావు, కలిపి ఇవ్వవలెను. ఒక గంట ఓవర్‌టైము అనగా 5/4 గంట జీతము. అది అపక్రమ భిన్నమని తెలియకయే ఎందరో ప్రతి నెల దానిని లెక్క వేసుకొనుచున్నారు.

ఒకే భాగమునకు అనేక వేషములు ఉండవచ్చును. ఆ చట్టములోనే మామూలు దినములలో వారమునకు 48 గంటల పని, రంజాను మాసములో 36 గంటల పని అని పరిమితి ఉన్నది. 36/48 అనగా ఎంత? రెంటిని ఆరుతో భాగించినచో 6/8. దినపు లెక్క కూడ అదే, ఎనిమిది గంటలకు బదులు ఆరు. మరల రెంటితో భాగించినచో 3/4. వారపు లెక్కయైనను, దినపు లెక్కయైనను రంజానులో పని ముప్పావు. లవమును, హారమును ఒకే సంఖ్యతో భాగించినను, హెచ్చించినను భిన్నము మారదు. రొట్టెను ఇంకను చిన్న ముక్కలు చేసినచో ముక్కలు పెరుగును, రొట్టె పెరుగదు.

కూడునప్పుడు చాలమంది తప్పు చేయుదురు. ½, ⅓ కలిపినచో 2/5 అని పైవి పైవాటితోను, క్రిందివి క్రిందివాటితోను కూడుదురు. అర రొట్టెకు ఇంకొంత కలిపితే 2/5, అనగా అర కంటె తక్కువ, ఎట్లు వచ్చును? మేము జేబు లోనుండి నాణెములు తీసినాము. ఖతర్ రియాలులో 100 దిర్హాములు. చేతిలో ఆడు నాణెములు 50, 25 దిర్హాములవి, అనగా అర రియాలు, పావు రియాలు. ఒక అర, ఒక పావు ఉన్నవి, మొత్తమెంత? "డెబ్బై అయిదు, ముప్పావు" అన్నారు. ఎట్లు? అరను మనసులో రెండు పావులుగా మార్చి, రెండు పావులకు ఒక పావు కలిపినారు. మకాం ఒకటైన తరువాతనే లవములను కూడవలెను. అర, మూడవ వంతు కూడవలెనన్నచో రెంటిని ఆరవ వంతులుగా మార్చవలెను. 3/6, 2/6 కలిసి 5/6.

నాణెముల మాట వచ్చినది కాబట్టి ఒకటి చెప్పుదుము. మా చిన్నతనములో మారిషస్‌లో పావు రూపాయి నాణెము ఉండెడిది, దాని మీద ఇరువది అయిదు సెంట్లు అని గాక పావు రూపాయి అనియే ఇంగ్లీషులో ఉండెడిది. దోహాలో కూడ 1966 వరకు రూపాయలే చెల్లెడివి. 1959 నుండి గల్ఫ్ రూపాయి అని భారతదేశము వేరుగా అచ్చువేసి ఇచ్చినది. అంతకు ముందు మామూలు భారత రూపాయే. అనగా ఒకప్పుడు పదునారు అణాల లెక్క ఈ ఎడారి తీరములో కూడ తెలిసినదే. ఇక్కడి నోట్ల మీద అరబ్బీ అంకెలు చూచి క్రొత్తవారు తికమక పడుదురు, ఏలనన అరబ్బీ అయిదు మన సున్న వలె గుండ్రముగా ఉండును, వారి సున్న ఒక చుక్క మాత్రమే.

ఇప్పుడు జీతము సంగతి. దానికి ముందు మన పెద్దల జీతమును గూర్చి ఆ గదిలో చెప్పినది ఇక్కడ కూడ చెప్పవలెను, ఏలనన అది కూడ భిన్నముతో చేసిన పనియే.

ఒప్పందము మీద మారిషస్ చెరుకు తోటలకు వచ్చిన మగ కూలికి మొదట నెలకు 5 రూపాయల జీతము, తిండి గింజలు. సెలవు లేక ఒక దినము పనికి రానిచో రెండు దినముల జీతము కోసెడివారు. దానినే డబుల్ కట్ అనెడివారు. మా ఇండ్లలో ముసలివారు ఆ పేరును తిట్టు వలె పలికెడివారు. నెలకు 26 పని దినములు అనుకొందము. ఒకడు మూడు దినములు రాలేదు. న్యాయముగా పోవలసినది 3/26, అనగా సుమారు 58 సెంట్లు. డబుల్ కట్‌లో పోవునది 6/26, అనగా ఒక రూపాయి 15 సెంట్లు. హారమును ముట్టుకొనలేదు, లవమును రెట్టింపు చేసినారు. పదమూడు దినములు రానివాని సంగతి చూడుడు. లవము 26, హారము 26. మిగిలిన పదమూడు దినములు ఎండలో చెరుకు నరికినను ఆ నెల జీతము సున్న. పదునాలుగవ దినము కూడ రానిచో భిన్నము అపక్రమమైనది, లెక్క ప్రకారము అతడే తోటకు బాకీ! 1871లో 9,401 మంది పాత వలసదారులు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయముతో తమ బాధలను గూర్చి అర్జీ పెట్టుకొన్నారు, 1872లో రాజ విచారణ సంఘము ఏర్పడినది. ఆ సంఘము పరిశీలించిన బాధలలో ఈ డబుల్ కట్ ఒకటి. అర్జీ పెట్టుకొన్నవారికి భిన్నములు రావు. తమ నెలలో ఎంత భాగము పోవుచున్నదో మాత్రము తెలుసు.

జగిత్యాల తమ్ముడు ఇది విని కొంచెముసేపు మాట్లాడలేదు. తరువాత, "గట్లయితే నా పద్దెనిమిది సంగతి చెప్పుండ్రి సారూ" అన్నాడు.

ఖతర్ కార్మిక చట్టము 2004 నాటి 14వ నంబరుది. సంవత్సరము, అంతకు మించి పని చేసినవానికి, ప్రతి సంవత్సరమునకు కనీసము మూడు వారముల మూల జీతము సేవాభృతిగా ఇవ్వవలెనని అందులో 54వ అధికరణము చెప్పుచున్నది. సంవత్సరపు భిన్నములకు కూడ పని చేసిన కాలమును బట్టి ఇవ్వవలెనని అక్కడనే ఉన్నది. చట్టములో భిన్నము అను మాట చూచి లెక్కల మాస్టరుకు ఎంత సంతోషమో చెప్పనక్కరలేదు.

మూల జీతము అను మాటను కూడ చూడవలెను. 2021 మార్చి 20 నుండి అమలులోనున్న కనీస వేతనము 1,000 రియాళ్లు. యజమాని వసతి, భోజనము ఇవ్వనిచో వసతికి 500, తిండికి 300 కలిపి ఇవ్వవలెను. చేతికి వచ్చునది 1,800. అందులో మూల జీతము 1,000/1,800, అనగా తొమ్మిదింట అయిదు వంతులు. సేవాభృతి లెక్క ఆ అయిదు వంతుల మీదనే, తొమ్మిదింటి మీద కాదు. ఏ మొత్తములో వంతు అను ప్రశ్నను విడిచిపెట్టినచో ఎంత మంచి భిన్నమైనను తప్పు దారి పట్టించును. ఈ తమ్ముని కాగితములో ఈ భాగము సరిగానే ఉన్నది.

మూడు వారములు అనగా నెలలో ఎంత భాగము? క్యాలెండరు దినములలో మూడు వారములు 21, నెల 30. భిన్నము 21/30, అనగా 7/10. వెయ్యి రియాళ్లలో 700. శుక్రవారములు తీసివేసి పని దినములే లెక్కించెదము అన్నచో మూడు వారములలో పని దినములు 18, నెలలో సుమారు 26. భిన్నము 18/26, అనగా సుమారు 692 రియాళ్లు. ఏ దారిన పోయినను ఇంచుమించు ఒకే చోటికి చేరినాము. కాగితములో ఏమున్నది? 18/30. లవములో శుక్రవారములు లేవు, హారములో శుక్రవారములు ఉన్నవి! పైన పని దినములు, క్రింద క్యాలెండరు దినములు. 18/30 అనగా 3/5, సంవత్సరమునకు 600 రియాళ్లు. లవము తప్పు కాదు, హారము తప్పు కాదు. రెండును ఒకే మొత్తమునకు చెందినవి కావు, అదే తప్పు. కుబ్బూసును నాలుగు భాగములు చేసి, వేరొక చిన్న రొట్టె ముక్కలను మూడు తెచ్చి, ఇది ముప్పావు అని పళ్లెములో పెట్టినట్లు. సంవత్సరమునకు 100 రియాళ్లు ఆ గీత సందులో జారిపోయినవి.

రెండవ తప్పు అయిదు నెలలది. కాగితములో నాలుగు సంవత్సరములే లెక్కించి అయిదు నెలలను వదలివేసినారు. నాలుగు సంవత్సరముల అయిదు నెలలు అనగా 4 5/12, ఇది మిశ్రమ భిన్నము. నాలుగు సంవత్సరములలో నెలలు 48, అయిదు కలిపితే 53. కాబట్టి 53/12 సంవత్సరములు. ఇక్కడ హారము పన్నెండు, ఏలనన సంవత్సరపు ముక్కలు నెలలు. దీనిని 700తో హెచ్చించినచో 37,100/12, అనగా 3,091 రియాళ్ల 67 దిర్హాములు. ఇచ్చెదమన్నది 2,400. తేడా 691 రియాళ్ల 67 దిర్హాములు. రావలసిన దానిలో ఇది పావు కంటె కొంచెమే తక్కువ.

తమ్ముడు ఆ లెక్కను తన చేతితో మూడుసార్లు చేసినాడు. మేము చేసి ఇచ్చెదమన్నను ఒప్పుకొనలేదు. మొదటిసారి 53కు బదులు 45 వ్రాసినాడు, నాలుగు, అయిదు ప్రక్క ప్రక్కన పెట్టి. రెండవసారి 700ను హారముతో కూడ హెచ్చించినాడు. మూడవసారి సరిగా వచ్చినది. కాగితము వెనుక వైపు పైన 21, క్రింద 30 వ్రాసి, రెంటి ప్రక్కన తెలుగులో 'శుక్రవారములతో' అని మేము చెప్పగా వ్రాసికొన్నాడు. కోనసీమ అతడు మాత్రము, "మాస్టారూ, ఆఫీసులో గుమాస్తాకి తెలుగు రాదండి" అన్నాడు. నిజమే. ప్రక్కన ఇంగ్లీషులో కూడ వ్రాయించినాము.

ఆ గుమాస్తా కావలెనని చేసినాడో, ఎవరో ఇచ్చిన పాత పట్టికను చూచి అట్లే వ్రాసినాడో మేము చెప్పము. బడిలో నలుబది మంది పిల్లల కాగితములు దిద్దినవారికి ఇటువంటి తప్పు ఎంత సులభముగా దొర్లునో తెలుసు. మరుసటి శుక్రవారము తమ్ముడు నవ్వుచు వచ్చినాడు. గుమాస్తా కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి, లోపలికి పోయి, అర గంట తరువాత క్రొత్త కాగితము తెచ్చినాడట. 3,091 రియాళ్ల 67 దిర్హాములు. చివరి దిర్హాము వరకు వ్రాసినాడు.

ఆ దినమున గదిలో ముందుకంటె ఎక్కువమంది ఉన్నారు. ఏడుగురు తమ తమ కాగితములు తెచ్చినారు, ఒకడు నాలుగు కుబ్బూసులు కూడ తెచ్చినాడు. ఆరు కాగితములలో 21/30 సరిగా ఉన్నది. ఏడవ దానిలో పైన 21, క్రింద 26 ఉన్నది. అక్కడ తప్పు తలక్రిందులుగా జరిగినది. సంవత్సరమునకు 807 రియాళ్లకు పైగా వచ్చుచున్నది, నష్టము యజమానికి. ఆ సంగతి ఆఫీసులో చెప్పవలెనా, వద్దా అని గదిలో చాలసేపు వాదన జరిగినది. మమ్ము అడిగినారు. చట్టములో కనీసము అని ఉన్నది కదా, ఎక్కువ ఇచ్చిన తప్పేమి అని కొందరు. తప్పుడు భిన్నము తప్పుడు భిన్నమే అని జగిత్యాల తమ్ముడు. మేము సమాధానము చెప్పక ముందే బస్సు వచ్చినది.